మూడో గడిలో ఏముంది?

ఒకప్పుడు హాల్లో పెద్దపీట వేసుకుని కూర్చున్న త్రీ సీడీ ఛేంజర్ ఇవాళ తుక్కు కుప్పలో తేలింది. కొన్నవాళ్లు దాన్ని తిట్టారు, తట్టారు, నెత్తిన మొట్టి మరీ పాడించుకున్నారు. మూడు డిస్కులు పట్టే ఆ చవక పెట్టె చుట్టూ తిరిగిన ఇళ్ల కథ ఇది.

హైదరాబాద్ ఎర్రగడ్డ. ఆదివారం ఉదయం పదిన్నర. రోడ్డు పక్కన నీలం టార్పాలిన్ మీద మిక్సీ గిన్నెలు, టేబుల్ ఫ్యాన్ రెక్కలు, వైరు తెగిన ఇస్త్రీ పెట్టెలు, ఏ ఫోనువో తెలియని ఛార్జర్ల కుప్ప. వాటి నడుమ వెండి రంగు ప్లాస్టిక్ ముఖంతో, సగం బటన్లు ఊడిపోయి, ఒక వీసీడీ ఛేంజర్.

"నడుస్తదా అన్నా?" ఇరవై ఏళ్ల కుర్రాడు వంగి అడిగాడు.

"ప్లేటు తిరుగుతది. బొమ్మ రాదు. లెన్స్ సాఫ్ చేయిస్తే అయిపోతది."

"బ్లూటూత్ ఉంటదా?"

అమ్మే ఆయన కుర్రాణ్ని పైకీ కిందికీ చూశాడు. "దీని జమానాల నువ్వు పుట్టలే తమ్మీ, బ్లూటూత్ ఏడికెళ్లొస్తది!"

అని ఊరుకోలేదు. పక్క కొట్టు నుంచి లాగిన బోర్డులో ప్లగ్గు గుచ్చి బటన్ నొక్కాడు. గర్ర్ర్... టక్. ట్రే మూలుగుతూ బయటికొచ్చింది. గుండ్రటి పళ్లెంలో మూడు గడులుంటాయి కానీ బయటికి కనిపించేవి రెండే. రెండూ ఖాళీ. ఆయన వేలితో పళ్లెం తిప్పాడు. మూడో గడిలో ఒక డిస్కు. దాని మీద నల్ల స్కెచ్ పెన్నుతో రాసి ఉంది: 'పెండ్లి–2'.

"మరి పెండ్లి–1 ఏది?" అన్నాను.

"అమ్మినోళ్ల ఇంట్లనే ఉండి ఉంటది. ఇసొంటియి మస్తు వస్తయి సార్. మిషన్ అమ్ముతరు, మూడో దాంట్ల ఉన్నది మరుస్తరు."

కుర్రాడు ఫొటో తీసుకుని వెళ్లిపోయాడు. నేను 250 రూపాయలిచ్చి, పెళ్లితో సహా పెట్టెను ఇంటికి తెచ్చుకున్నాను.

ఎవరూ ముద్దు చేయని వస్తువు

ఈమధ్య ఎక్కడ విన్నా పాత వస్తువుల మాటే. రికార్డు ప్లేయర్ కొన్నానని ఒకరంటే, క్యాసెట్లు ఎక్కడ దొరుకుతాయని ఇంకొకరు. ఇది నలుగురి సరదా మాత్రమే కాదు. అమెరికాలో 2022లో గ్రామఫోన్ రికార్డులు 4.1 కోట్లు అమ్ముడైతే సీడీలు 3.3 కోట్ల దగ్గరే ఆగాయి. సీడీల లెక్కను రికార్డులు దాటడం 1987 తర్వాత అదే మొదలు. అదే దేశంలో 2000లో, ఒక్క ఏడాదిలో అమ్మిన సీడీలు దాదాపు 94 కోట్లు.

రికార్డుకు జమీందారీ హుందాతనం ఉంది. క్యాసెట్‌ను తలుచుకుంటే పెన్సిలుతో రీలు చుట్టిన చిన్నతనం గుర్తొస్తుంది. సీడీ ఛేంజర్ గురించి అడగండి, కొన్నవాళ్లు మొదట నవ్వుతారు. "మా ఇంట్లోనూ ఉండేది, దాని దుంప తెగ" అంటారు. ఆ తర్వాత వాళ్లను ఆపడం కష్టం.

లేవక్కర్లేదన్న వరం

పాట మధ్యలో లేచి ప్లేటు మార్చాలంటే మనిషికి మొదటి నుంచీ బద్ధకమే. అమెరికాలో విక్టర్ కంపెనీ 1927లోనే రికార్డులను తనంతట తానే మార్చుకునే యంత్రాన్ని ఇళ్లకు అమ్మింది. మన దగ్గర కలిగినవాళ్ల ఇళ్లలో రేడియోగ్రామ్ ఉండేది. మధ్యలో ఉన్న ఊచకు రికార్డుల దొంతర గుచ్చితే, ఒకటి అయ్యాక ఇంకొకటి దబ్బున కిందపడి పాడేది.

1982 అక్టోబరు 1న సోనీ వాళ్ల మొదటి సీడీ ప్లేయర్ జపాన్ అంగళ్లకు వచ్చింది. ధర 1,68,000 యెన్లు, పట్టేది ఒక్క డిస్కు. 1980ల మధ్యకల్లా ఆరు డిస్కులను ఒక పెట్టెలో పేర్చి తోసే ఛేంజర్లు పయొనీర్ తెచ్చింది. తర్వాత గుండ్రటి పళ్లెం మీద అయిదు డిస్కులు పరిచే రకం వచ్చింది. మన మధ్యతరగతి హాల్లోకి అడుగుపెట్టేసరికి అవి మూడయ్యాయి. మూడు గడులు, రెండు స్పీకర్లు, ఒక రేడియో, రెండు క్యాసెట్ తలుపులు, ముందు ఎగిరెగిరి పడే రంగు దీపాలు. పాటల కన్నా ఆ దీపాలు చూసి కొన్నవాళ్లే ఎక్కువేమో.

▌ డిస్కు కొలతలు

▪ అడ్డకొలత 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు, నడుమ చిల్లు 15 మిల్లీమీటర్లు.
▪ పాట ఉండేది సర్పిలాకారపు గీతలో. రికార్డును తిరగేసినట్టు, లోపలి నుంచి బయటికి సాగుతుంది. సాగదీస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది.
▪ లోపలి అంచు దగ్గర నిమిషానికి దాదాపు 500 చుట్లు, బయటి అంచుకు వచ్చేసరికి 200 చుట్లు.
▪ చదివే లేజర్ కిరణం 780 నానోమీటర్లు. కంటికి దాదాపుగా కనిపించదు. అందుకే పెట్టె విప్పి, కరెంటు ఇచ్చి లెన్స్‌లోకి తొంగి చూడకూడదు.

తెలుగు సినిమాకు కొలిచి కుట్టినట్టు

ఛేంజర్ మన ఊళ్లలో అంతగా పాతుకుపోవడానికి పాటలు సగమే కారణం. మిగతా సగం సినిమా. 1993లో వీసీడీ పద్ధతి ఖరారైంది. సీడీ అంత డిస్కులోనే 74 నిమిషాల బొమ్మ. పాశ్చాత్య దేశాల గంటన్నర సినిమాకు రెండు డిస్కులు సరిపోయేవి. మన సినిమా రెండున్నర గంటలకు తక్కువ ఉంటే డబ్బులు గిట్టుబాటు కాలేదనుకునే కాలం అది. 184 నిమిషాల 'మాయాబజార్' చూడాలంటే మూడు డిస్కులు. శశిరేఖ పెళ్లి మూడో డిస్కులో! నాలుగు గంటలకు దగ్గరపడే 'దాన వీర శూర కర్ణ'కు మూడూ ఇరుకే.

ఒంటి డిస్కు ప్లేయరున్న ఇంట్లో ఒకరు కాపలా కూర్చోవాలి. మూడు గడులున్న ఇంట్లో పులిహోర గిన్నె మధ్యలో పెట్టుకుని అందరూ ఒక్కసారే కూర్చోవచ్చు. కేబుల్ టీవీ ఆపరేటర్లకైతే అది జీతం అడగని గుమాస్తా. మూడు డిస్కులు పెట్టి బిల్లుల వసూలుకు బయల్దేరేవాళ్లు.

చిక్కల్లా ఒక్కటే. డిస్కు అయిపోయే చోటుకీ ఇంటర్వెల్‌కీ సంబంధం ఉండదు. హీరో చెయ్యి ఎత్తాడు, తెర నీలమైపోయింది, గర్ర్ర్ మని పళ్లెం తిరిగింది. పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టాక ఆ దెబ్బ పడేది. రోజుకు పది రూపాయల అద్దెకు తెచ్చిన డిస్కు అయితే అసలు దెబ్బ పడేదో లేదో చెప్పలేం. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, మాట నత్తినత్తిగా వచ్చి, హీరో గాల్లోనే ఉండిపోయేవాడు. అప్పుడు డిస్కు తీసి లుంగీ కొసతో తుడవడం, పళ్ల పేస్టు రాయడం, అద్దె కొట్టువాణ్ని తలుచుకుని నాలుగు తిట్టడం.

మూడు గడులు, ఆరుగురు మనుషులు

మా ఇంటికి అది 2001లో వచ్చింది. నాన్న పని మీద హైదరాబాద్ వెళ్లి, కోఠి గుజరాతీ గల్లీలో గంటసేపు బేరమాడి, ఎనిమిది వేల చిల్లరకు కొని, తెనాలి దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. స్పీకర్లు బాబాయి ఒళ్లో.

ఇంట్లో ఆరుగురం. మూడు గడులు. వారం తిరక్కుండానే పంపకాలు జరిగిపోయాయి. మొదటి గడి నాన్నమ్మది. అందులో వేంకటేశ్వర సుప్రభాతం పెట్టిందంటే పెట్టిందే, తీయడానికి వీల్లేదు. రెండోది నాన్నది, ఘంటసాల. మూడో గడి కోసం బాబాయి, అక్క, నేను రోజూ కుమ్ములాడుకునేవాళ్లం.

"పెట్టె కొన్నది మీ నాన్న అయితే మోసింది నేనురా" అని బాబాయి.

"స్పీకర్లు మోసినవాడికి స్పీకర్ల మీదే హక్కు" అని అక్క.

ఆ గొడవ వల్ల ఒక మంచి జరిగింది. మనకు నచ్చని పాట కూడా వినక తప్పేది కాదు. నా డిస్కు వంతు రావాలంటే ఘంటసాల పూర్తి కావాలి. ఆ కాచుకోవడంలోనే ఘంటసాల నాకు పట్టుబడ్డాడు. నా పాటలు నాన్నమ్మకు పట్టుబడలేదు కానీ, డిస్కు మారే నిశ్శబ్దంలో "ఇప్పుడు నీ గోల మొదలా?" అని అడిగేంత పరిచయం ఏర్పడింది.

గడి అడగనిది అమ్మ ఒక్కతే. అడగలేదన్న సంగతి కూడా మాకెవరికీ తట్టలేదు.

ఒక రోజు రాత్రి భోజనాలయ్యాక అందరం హాల్లో ఉన్నాం. నాన్న డిస్కు అయిపోయింది. పళ్లెం తిరిగింది. బాబాయి పాట కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటే వీణ మొదలైంది. చిట్టిబాబు వీణ.

"ఇదెవరిదీ?" నాన్న అడిగాడు. బాబాయి నావైపు చూశాడు, నేను అక్కవైపు చూశాను. నాన్నమ్మ చెయ్యెత్తి ఉష్ అంది. వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"నాదే. మధ్యాహ్నం పెట్టుకుని తీయడం మర్చిపోయాను. ఉండనివ్వండి కాసేపు."

మేం బళ్లకూ ఆఫీసులకూ పోయాక అమ్మ ఒక్కతే ఏం వింటుందో మాకు తెలిసింది ఆ రాత్రే. మర్నాటి నుంచి మూడో గడికి నలుగురం పోటీదారులం. గెలిచేది మాత్రం ఎక్కువసార్లు అమ్మే.

జనవరి ఒకటి, తెల్లవారుజామున

మూడో గడిని మర్చిపోవడం మా ఒక్క ఇంటి జబ్బు కాదు. మా వీధి రామాలయానికీ ఎవరో భక్తుడు ఒక ఛేంజర్ ఇచ్చాడు. ధనుర్మాసం కావడంతో పంతులుగారు మొదటి గడిలో తిరుప్పావై, రెండో గడిలో విష్ణు సహస్రనామం పెట్టి, మైకుకు కలిపి, మీట నొక్కి స్నానానికి వెళ్లేవారు. డిసెంబరు 31 రాత్రి వీధి కుర్రాళ్లు ఆ సెట్టును అరువు పట్టుకెళ్లి, ఎవరి కంటా పడకుండా తెల్లవారేలోగా యథాస్థానంలో పెట్టేశారు. పళ్లెంలో కనిపించిన రెండు డిస్కులూ తీసుకున్నారు. కనిపించని మూడోది మిగిలిపోయింది.

కొత్త సంవత్సరం కదా అని ఆ పొద్దున గుడి కిటకిటలాడుతోంది. తిరుప్పావై అయింది, సహస్రనామం అయింది. గర్ర్ర్ మంది. ఆ వెంటనే రామాలయం గోపురం మీది నుంచి ఊరంతటికీ క్లబ్బు డాన్సు పాట. తడి పంచెతో పంతులుగారు పరుగెత్తుకొచ్చి ఆపే బటన్ కోసం వెతికారు. కంగారులో నొక్కింది వాల్యూం. చివరికి ప్లగ్గే పీకాల్సి వచ్చింది. ప్రసాదం వరసలో నిలబడ్డ కుర్రాళ్లు తలలు దించుకున్నారు. ఎవరి పని అని పంతులుగారు అడగలేదు. అందరికీ పెట్టినట్టే వాళ్లకూ చక్రపొంగలి పెట్టి, "మీ ప్లేటు పూజయ్యాక వచ్చి పట్టుకెళ్లండి నాయనా" అన్నారు.

గల్ఫ్ అట్టపెట్టె, అమెరికా ప్లగ్గు

కొట్టులో కొన్నవాళ్లది ఒక దారి, దేశం దాటి వచ్చిన పెట్టెలది ఇంకో దారి. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ పల్లెల్లో ఛేంజర్ అంటే దుబాయ్, కువైట్ నుంచి దిగిన సామాను. దుప్పట్లు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలు, వాటి మధ్య థర్మోకోల్‌లో పొదిగిన సెట్టు. అట్టపెట్టె నాలుగు వైపులా ప్లాస్టిక్ తాడు, పైన పెద్ద అక్షరాలతో పేరు, ఊరు, జిల్లా. పెట్టె వచ్చిన సాయంత్రం వాకిట్లో చాప వేసి వాడంతటికీ సినిమా వేసేవాళ్లు. మనిషి ఎడారిలో ఉంటే అతని సంపాదన ఇలా నడింట్లో పాడేది.

అమెరికా పెట్టె కథ వేరు. న్యూజెర్సీలో ఉన్న మా పెద్దనాన్న కొడుకు అయిదు డిస్కుల ప్లేయర్ తెచ్చాడు. శ్రీ వేంకటేశ్వర పంచరత్నమాల అయిదు భాగాలూ ఒకేసారి పెట్టుకోవచ్చని పెద్దమ్మకు ఒకటే సంబరం. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. వెనక రాసి ఉన్నది చదివే ఓపిక ఎవరికి? బాబాయి ప్లగ్గు పెట్టాడు. ఠప్! సన్నగా పొగ. కొబ్బరికాయ కొట్టేలోపే అంతా అయిపోయింది. పెద్దమ్మ మాత్రం ఆ పెట్టెను పారేయనివ్వలేదు. అయిదు గడుల్లో కుంకుమ, పసుపు, గంధం, అక్షతలు, వక్కలు పెట్టుకుంది. పేరంటాలప్పుడు వేలితో పళ్లెం తిప్పి ముత్తయిదువులకు అందించేది. మా చుట్టాల్లో నికరంగా పదేళ్లు పనిచేసిన ఛేంజర్ అదొక్కటే.

▌ పాత ఛేంజర్ దొరికిందా? చూసుకోవాల్సినవి

▪ ట్రే బయటికి రాకుండా లోపల మోటారు చప్పుడు చేస్తుంటే రబ్బరు బెల్టు సాగిపోయినట్టు. పెద్ద ఖర్చు కాదు.
▪ డిస్కు ఉన్నా 'నో డిస్క్' అంటే ముందు లెన్స్ తుడిపించండి. కరెంటు తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో మెత్తగా.
▪ డిస్కును గుండ్రంగా తుడవొద్దు. నడుమ నుంచి అంచుకు నిలువుగా తుడవాలి.
▪ మెరిసే వైపు గీతల కన్నా పేరు రాసే వైపు గీతలు ప్రమాదం. పాటను మోసే అల్యూమినియం పొర ఆ పైపూత కిందే ఉంటుంది.
▪ వెనక వోల్టేజీ చదవండి. ఎరుపు, తెలుపు పిన్నులుంటే ఇప్పటి స్పీకర్లకూ కలుపుకోవచ్చు.
▪ కదిపే ముందు డిస్కులన్నీ తీయండి. పళ్లెం పూర్తిగా తిప్పి, మూడో గడి కూడా.

అగరొత్తి పొగ, బల్లి గుడ్లు

ఎర్రగడ్డ పెట్టెను కోఠిలో పాత మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. పాతికేళ్లుగా ఇదే పని. ఇప్పుడు రోజంతా టీవీ రిమోట్లు, సౌండ్‌బార్లు. పెట్టె చూడగానే ముఖం విప్పారింది.

"ఇండ్లల్ల ఇది ఎట్ల ఖరాబయితదో తెల్సా సార్? సగం దేవుని పటాలతోని" అన్నాడు. సెట్టు మీదే దేవుడి పటం, దాని ముందు అగరొత్తి. ఏళ్ల తరబడి ఆ పొగ సందుల్లోంచి లోపలికి దిగి, మినపగింజంత లెన్స్ మీద పొరలా పేరుకుంటుంది. లేజర్‌కు కంట్లో పువ్వు పడుతుంది. ఇక బల్లులు. వెచ్చగా ఉంటుందని ట్రాన్స్‌ఫార్మర్ పక్కన గుడ్లు పెడతాయి. కరెంటు పోవడం ఇంకో బాధ. డిస్కు పైకి లేచి ఉన్నప్పుడు పోయి, తిరిగొచ్చేసరికి తను ఏ గడి దగ్గర ఉన్నదీ యంత్రానికి గుర్తుండదు. గడులు లెక్కపెట్టే చిన్న సెన్సర్‌కు దుమ్ము పట్టిందా, గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది.

ఒంటి డిస్కు యంత్రంలో కదిలే భాగాలు తక్కువ. ఛేంజర్‌లో డిస్కును తిప్పే మోటారుకు తోడు పళ్లెం తిప్పేది, ట్రే తోసేది, లెన్స్ జరిపేది అన్నీ కావాలి. చవగ్గా అమ్మాలంటే వాటికి ప్లాస్టిక్ పళ్ల చక్రాలే గతి. మన ఎండలకు వాటి గ్రీజు జిగురైపోయేది. నెత్తిన ఒక్కటి మొడితే కదిలేది. ఏ మూల మొట్టాలో ప్రతి ఇంట్లోనూ ఒకరికి తెలిసి ఉండేది. మా ఇంట్లో అది అక్క విద్య.

చంపింది ఫోను కాదు

ఛేంజర్‌ను ఫోను మింగేసిందని అందరూ అనుకుంటారు. నిజానికి అంతకు ముందే దానికి నూకలు చెల్లాయి. పని పట్టింది దాని గడిలోకే దూరిన ఎంపీ3 డిస్కు. 700 మెగాబైట్ల డిస్కులో 150 పాటలు, దాదాపు 12 గంటలు. ఫుట్‌పాత్ మీద నలభై యాభై రూపాయలకు ఒక గాయకుడి జీవితమంతా దొరికేది. ఒక్క డిస్కే పొద్దుటి నుంచి రాత్రి దాకా పాడుతుంటే పక్క గడులు రెండూ దేనికి? పైగా ఇంట్లో కాల్చుకున్న డిస్కులను పాత ఛేంజర్లలో కొన్ని గుర్తుపట్టేవే కావు. మామూలు సీడీ అంతగా అవి వెలుతురును తిప్పి కొట్టవు మరి.

సినిమా వైపు డీవీడీ వచ్చి మూడు డిస్కుల బొమ్మను ఒకదాంట్లో ఇమిడ్చింది. 2007లో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మకానికి పెట్టింది. అద్దె కొట్లు కుదేలయ్యాయి. ఆ వెనకే పెన్‌డ్రైవ్, ఆ తర్వాత ఫోను. 34 రూపాయల డిస్కుతో ఊరూరా తిరిగిన ఆ సంస్థే 2018లో దివాలా ప్రక్రియలో మూతపడింది.

మిగిలిన డిస్కులు ఎటు పోయాయి? జొన్న చేలల్లో పిట్టల్ని బెదరగొట్టడానికి దారాలకు వేలాడాయి. సైకిళ్ల మడ్‌గార్డుల మీద ఎర్ర అద్దం బదులు మెరిశాయి. హాల్లో మాత్రం ఇప్పుడు గడుల గొడవ లేదు. మా ఇంట్లో నలుగురికి నాలుగు ఫోన్లు, నాలుగు జతల ఇయర్‌ఫోన్లు. మా అబ్బాయి ఏం వింటాడో నాకు తెలియదు. నేనేం వింటానో వాడికి అక్కర్లేదు.

▌ మూడు నుంచి నాలుగు వందలకు

▪ పళ్లెం రకం ఛేంజర్లలో ఎక్కువగా కనిపించినవి 3, 5 గడులవి.
▪ కారు డిక్కీలో బిగించే రకాలకు 6, 10 డిస్కుల పెట్టెలుండేవి.
▪ సోనీ ఏకంగా 400 డిస్కులు నిలబెట్టే ఇంటి ఛేంజర్‌ను కూడా అమ్మింది. అందులో ఒక పాట వెతకడం గ్రంథాలయంలో పుస్తకం వెతకడంతో సమానం.

పెండ్లి–2

మెకానిక్ బెల్టు మార్చాడు, లెన్స్ తుడిచాడు, గ్రీజు గీకి కొత్తది పూశాడు. బెల్టుకు నలభై, మజూరీ రెండు వందలు. చిన్న టీవీకి కలిపి, చేతిలో ఉన్న డిస్కే వేసి చూశాడు.

పెండ్లి–2 భోజనాలతో మొదలైంది. తాళి, తలంబ్రాలు అన్నీ పెండ్లి–1లో అయిపోయినట్టున్నాయి. షామియానా కింద పొడుగు బల్లలు. వీడియో లైటు ఒక్కొక్కరి మీదా పడగానే నోటి దాకా వచ్చిన చెయ్యి ఆగిపోతోంది. ఒక ముసలావిడ కొంగు అడ్డం పెట్టుకుంది. ఒక పిల్లాడు కావాలని లడ్డూ మొత్తం నోట్లో కుక్కుకుని కెమెరాకేసి చూశాడు. చివర్లో అప్పగింతలు. పెళ్లికూతురి తండ్రి కాబోలు, పక్కకు తిరిగి కండువాతో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు. వాళ్లలో మాకెవరూ తెలియదు. అయినా మెకానిక్, నేను, టీ తెచ్చిన కుర్రాడు ముగ్గురం కదల్లేదు.

బొమ్మ అయిపోయింది. పళ్లెం తిరిగింది. మొదటి గడి ఖాళీ. మళ్లీ తిరిగింది. రెండోదీ ఖాళీ.

"ఖాళీ గడి గూడ ఒకసారి చూడంది వదలది సార్" అన్నాడు మెకానిక్, మూత స్క్రూలు బిగిస్తూ.

తర్వాతి ఆదివారం డిస్కు పట్టుకుని మళ్లీ ఎర్రగడ్డ వెళ్లాను. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఇవ్వమని ఆయన చేతికిచ్చాను. ఆయన ఆశ్చర్యపోలేదు. టార్పాలిన్ వెనక గోనెసంచిలోంచి ఇనుప తీగకు గుచ్చిన డిస్కుల కట్ట ఒకటి తీసి, నాది కూడా దానికే గుచ్చాడు. ఒక్కొక్కటీ తిప్పి చూశాను. గృహప్రవేశం. హాఫ్ శారీ ఫంక్షన్. బాబు 21 దినాలు. పెండ్లి–3.

"ఎవరన్నా అడుగుతరా?"

"ఇన్నేండ్లల్ల ఒక్కామె వచ్చింది సార్. ఇక్కడనే కూసోని అన్నీ ఏరింది. ఆమెది దొరకలే." కట్టను మళ్లీ సంచిలో పెట్టి మూతి కట్టాడు. "మళ్ల ఆదివారం గూడ వచ్చి చూసిపోయింది. అందుకే పారేస్తలేను."